కిమోనోను చదవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కిమోనో ఫొటో చూడగానే చాలామందికి ముందు కనిపించేది దాని ఆకారం. వెడల్పాటి చేతులు, నడుముకు పెద్ద పట్టీ, మడమల దాకా జారే బట్ట. నిజానికి ఆ ఆకారం నాలుగైదు వందల ఏళ్లుగా పెద్దగా మారలేదు. మారుతూ వచ్చిందల్లా బట్టే. నేత, అద్దకం, రంగు, బొమ్మ, లైనింగ్. వేసుకున్న మనిషి వయసు, పెళ్లయిందో లేదో, వెళ్తున్నది పెళ్లికో పరామర్శకో, అది ఏ నెలో కూడా ఆ బట్ట చెబుతుంది. చేనేత మీద ఇష్టమే నన్ను కిమోనో దాకా తీసుకెళ్లింది. అందుకే ఇక్కడి జవాబులు చాలావరకు బట్ట చుట్టూనే తిరుగుతాయి.

కిమోనోను ఎలా కుడతారు?

పెద్దవాళ్ల కిమోనో ఒకటి కుట్టాలంటే ఒక తాను బట్ట కావాలి. దాన్ని తన్‌మోనో అంటారు. పొడవు సుమారు 12 మీటర్లు, పన్నా 36 నుంచి 38 సెంటీమీటర్లు మాత్రమే. ఈ సన్నని పన్నాను అడ్డంగానో నిలువుగానో తిన్నగా కత్తిరిస్తారు. ఎక్కడా వంపు ఉండదు. ఒంటికి రెండు పొడవాటి ముక్కలు భుజాల మీదుగా ముందుకూ వెనక్కూ దిగుతాయి. చేతులకు రెండు ముక్కలు. ముందువైపు ఒక అంచు మీద ఇంకో అంచు పడేందుకు రెండు సన్న ముక్కలు. మెడకు ఒక కాలరు, మాసిపోకుండా దాని మీద ఇంకో కాలరు. మొత్తం ఎనిమిది ముక్కలు. ఎక్కువైన బట్టను కత్తిరించి పారేయరు, కుట్టు లోపలికి మడిచి ఉంచుతారు.

కుట్టు కూడా విప్పడానికి వీలుగా, చేత్తో వేస్తారు. ఇది నాకు చాలా నచ్చే విషయం. మాసిన కిమోనోను విప్పి, ముక్కలన్నీ మళ్లీ తానులా కలిపి కుట్టి, ఉతికి, గంజి పెట్టి, సాగదీసి ఆరబెట్టే పాత పద్ధతి ఒకటుంది. దాని పేరు అరాయి-హరి. అలా ఆరిన బట్టను మళ్లీ కిమోనోగా కుట్టుకోవచ్చు. రంగు వెలిసిపోతే ముదురు రంగు అద్దించుకోవచ్చు, అరిగిన భాగం లోపలికి వెళ్లేలా ముక్కల చోటు మార్చవచ్చు. అమ్మ కిమోనో కూతురి కొలతకు మారేది ఇలాగే. ఇక కిమోనోగా పనికిరాని దశ వస్తే పిల్లల బట్టలు, పరుపు గలీబులు, చివరికి మసిగుడ్డలు అయ్యేవి.

ఇది ఎంత పాత దుస్తు?

8వ శతాబ్దపు నారా కాలంలో జపాన్ కొలువు దుస్తుల మీద చైనా ప్రభావం బలంగా ఉండేది. తర్వాత హెయాన్ కాలంలో, అంటే 794 నుంచి 12వ శతాబ్దం చివరి వరకు, రాజాస్థాన స్త్రీలు ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా పట్టు వస్త్రాలు ధరించేవారు. మెడ దగ్గర, చేతుల చివర ఆ పొరల రంగులు మెట్లు మెట్లుగా కనిపించేవి. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలన్నది అప్పుడే ఒక విద్య.

ఇప్పటి కిమోనోకు అసలు పూర్వీకురాలు మాత్రం ఆ ఆడంబరమైన పై వస్త్రం కాదు. దాని లోపల వేసుకునే సాదా వస్త్రం, కొసోదే. చేయి దూర్చే సందు చిన్నగా ఉండే ఈ లోదుస్తు, యుద్ధాల కాలంలో పై పొరలు ఒక్కొక్కటిగా తగ్గిపోగా మెల్లగా పై దుస్తు అయింది. సామాన్యులు అంతకుముందు నుంచే అలాంటివే వేసుకునేవారు. 1603 నుంచి 1868 వరకు సాగిన ఎదో కాలానికి వచ్చేసరికి సమురాయి యోధుడి భార్య నుంచి వర్తకుడి కూతురి వరకు అందరిదీ కొసోదేనే. అందరి ఆకారమూ ఒకటే అయ్యాక తేడా చూపించాలంటే బట్టలోనే చూపించాలి. జపాన్ అద్దకం, నేత అంత ఎత్తుకు ఎదగడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

మెయిజీ కాలంలో, 1870ల నుంచి, ప్రభుత్వం కొలువులోకీ సైన్యంలోకీ పాశ్చాత్య దుస్తులు తెచ్చింది. మగవాళ్లు ముందు మారారు. ఆడవాళ్లలో ఎక్కువమంది రెండో ప్రపంచయుద్ధం దాకా కిమోనోలోనే ఉన్నారు.

ఎడమ అంచు పైకి ఎందుకు రావాలి?

వేసుకున్న మనిషికి కుడి అంచు ముందు ఒంటికి తగలాలి, దాని మీదికి ఎడమ అంచు రావాలి. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదే. కుడి పైకి వస్తే అది శవానికి కట్టే పద్ధతి. 719లో గెన్షో సామ్రాజ్ఞి కాలంలో ప్రజలంతా ఎడమ పైకి వచ్చేలా ధరించాలని ఆజ్ఞ వెలువడింది. పదమూడు వందల ఏళ్లు దాటినా ఆ నియమం చెక్కుచెదరలేదు. అద్దెకు తీసుకుని ఫొటో దిగేవాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. అద్దంలో తిప్పి తీసిన సెల్ఫీలో కుడి పైకి ఉన్నట్టు కనిపిస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఇన్ని రకాలేంటి? ఎవరు ఏది వేసుకోవాలి?

పేర్లు చూస్తే భయమేస్తుంది గానీ, రెండు సంగతులు పట్టుకుంటే చాలావరకు అర్థమవుతుంది. బొమ్మ ఎక్కడ ఉంది? చేతులు ఎంత పొడవున్నాయి?

చేతులు దాదాపు నేలను తాకేలా వేలాడుతుంటే అది ఫురిసోదే. పెళ్లికాని అమ్మాయిలది. ఒళ్లంతా, చేతుల నిండా బొమ్మలుంటాయి. జనవరి రెండో సోమవారం జపాన్‌లో యుక్తవయసు పండుగ. ఆ రోజు వీధులు ఫురిసోదేలతో నిండిపోతాయి. 2022 ఏప్రిల్ నుంచి చట్టప్రకారం 18 ఏళ్లకే మేజర్ అవుతున్నా, చాలా ఊళ్లలో ఈ వేడుకను ఇప్పటికీ 20 ఏళ్ల వాళ్లకే చేస్తున్నారు.

పెళ్లయ్యాక చేతులు పొట్టివవుతాయి. నల్లటి పట్టు, పై భాగమంతా ఖాళీ, మోకాళ్ల కింద మాత్రమే బొమ్మ, ఐదు చోట్ల తెల్లగా వంశ చిహ్నం. ఇది కురోతోమెసోదే. పెళ్లి ఫొటోలో ఇది వేసుకున్నవాళ్లు వధువు తల్లో వరుడి తల్లో, లేదా పెళ్లయిన దగ్గరి బంధువులో అయి ఉంటారు. దీన్ని చూసి కొందరు సంతాప దుస్తులనుకుంటారు. సంతాపానికి వేసేది కూడా నలుపే, ఐదు చిహ్నాలూ ఉంటాయి, కానీ అందులో బొమ్మ ఒక్కటి కూడా ఉండదు, నడుముకు కట్టే ఒబి అనే పట్టీ కూడా నల్లదే.

హోదాలో వీటి తర్వాతది హోమొంగి. ఇందులో బొమ్మ కుట్లను దాటుకుంటూ భుజం నుంచి చేతికీ, పక్క నుంచి ముందుకీ ఆగకుండా సాగుతుంది. పెళ్లికి వెళ్లే అతిథులు, టీ వేడుకలకు వెళ్లేవాళ్లు వేసుకుంటారు. ఒకే రంగులో సాదాగా ఉండేది ఇరోముజి. ఒకే డిజైను ఒళ్లంతా మళ్లీ మళ్లీ వస్తే కొమొన్, అది షికారుకు, స్నేహితుల్ని కలవడానికి. పట్టు దారానికి ముందే రంగు వేసి నేసిన త్సుముగి ఎంత ఖరీదైనదైనా మామూలు దుస్తుగానే లెక్క. లక్షల యెన్‌ల త్సుముగి వేసుకుని పెళ్లికి వెళ్లడం పద్ధతి కాదు. ఇక్కడ హోదాను నిర్ణయించేది ధర కాదు, రకం.

వధువుకు తల నుంచి పాదం దాకా తెల్లనిది షిరోముకు. మూడు, ఐదు, ఏడేళ్ల పిల్లలకు నవంబరు 15 చుట్టూ జరిగే షిచి-గో-సాన్‌లో బుల్లి కిమోనోలు.

యుకతా కూడా కిమోనోయేనా?

అవును, అన్నిటికన్నా తేలికైనది. లైనింగ్ లేని నూలు బట్ట. స్నానం తర్వాత వేసుకునేదిగా మొదలైంది. ఇప్పుడు వేసవి పండుగలకు, బాణసంచా చూడటానికి వేసుకుంటారు. లోపల పొర, మేజోళ్లు అక్కర్లేదు. మొదటిసారి వేసుకునేవాళ్లకు ఇదే మంచిది.

మగవాళ్లు వేసుకోరా?

వేసుకుంటారు. రంగులు తక్కువ, బొమ్మలు దాదాపు ఉండవు, ఒబి సన్నగా ఉండి తుంటి మీదికి దిగుతుంది. ఆడవాళ్లు కిమోనోను తమ ఎత్తంత పొడవుగా కుట్టించుకుని ఎక్కువైంది నడుము దగ్గర మడుస్తారు. మగవాళ్లది మాత్రం సరిగ్గా కొలతకే ఉంటుంది. వేడుకకైతే ఐదు చిహ్నాల నల్ల కిమోనో, మీద హవోరి అనే కోటు, కింద హకమా అనే గీతల వదులు పైజామాలాంటిది. సూమో మల్లయోధులు బయటికి వెళ్లేటప్పుడు సంప్రదాయ దుస్తులే వేసుకోవాలి, అందులోనూ ర్యాంకును బట్టి ఎవరు ఏది వేసుకోవచ్చో నియమాలున్నాయి. మగవాళ్ల కిమోనోలో అసలు సొగసు చాలాసార్లు లోపలే ఉంటుంది. దానికి కారణం కింద వస్తుంది.

నెలను బట్టి కిమోనో మారుతుందా?

మారుతుంది. పద్ధతి ప్రకారం అక్టోబరు నుంచి మే వరకు లైనింగ్ ఉన్నది, జూన్‌లోనూ సెప్టెంబరులోనూ లైనింగ్ లేనిది, జూలై, ఆగస్టుల్లో గాలి ఆడే పలచటి నేత. వేసవి నేతల్లో రో, షా అనేవి ముఖ్యం. పడుగు పోగుల్ని మెలిపెట్టి నేయడంవల్ల వాటిలో సన్నటి సందులు ఏర్పడతాయి. జూన్ 1, అక్టోబరు 1 దుస్తులు మార్చే రోజులు. బడి పిల్లల యూనిఫాంలు కూడా అప్పుడే మారతాయి. ఈమధ్య ఎండలు ముదరడంతో మే నెలలోనే లైనింగ్ తీసేసేవాళ్లు పెరిగారు.

బొమ్మల్లోనూ కాలం ఉంటుంది. పువ్వు పూయడానికి కాస్త ముందే దాని బొమ్మ వేసుకోవడం అందం. చెట్టు మీద సకురా, అంటే చెర్రీ పువ్వు, విరగబూసిన రోజున సకురా కిమోనో వేసుకుంటే అసలు పువ్వుతో పోటీ పడినట్టుంటుందని వెనకాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మండు వేసవిలో నీటి అలలు, ఆకురాలు కాలపు గడ్డిపూలు వేసుకుంటారు. చూసేవాళ్లకు చల్లగా అనిపించాలని. వేసుకునేవాళ్ల సుఖం కన్నా చూసేవాళ్ల సుఖాన్ని తలచుకునే ఈ మర్యాద నాకు చాలా గొప్పగా తోస్తుంది.

బొమ్మలకు అర్థాలున్నాయా?

చాలావాటికి ఉన్నాయి. కొంగ వెయ్యేళ్లు, తాబేలు పదివేల ఏళ్లు బతుకుతాయని నమ్మకం. అందుకే పెళ్లి బట్టల మీద కొంగలు. పైన్, వెదురు, ప్లమ్ పువ్వు మూడూ కలిసి వస్తే శుభం. మొదటి రెండూ చలిలోనూ పచ్చగా ఉంటాయి, మూడోది మంచు ఉండగానే పూస్తుంది. నార తీసే హెంప్ మొక్క ఆకు గీతల డిజైను పసిపిల్లల బట్టల మీద వేస్తారు. ఆ మొక్క నిటారుగా, గబగబా పెరుగుతుంది. బాణం ఈకల డిజైను పెళ్లికూతురి సామానులో పెట్టేవారు. వదిలిన బాణం వెనక్కి రాదు కదా, వెళ్లిన ఇంట్లోనే నిలవాలని. మెయిజీ కాలంలో అదే డిజైను హకమాతో కలిసి చదువుకునే అమ్మాయిల గుర్తయింది. కాలేజీ పట్టా పుచ్చుకునే రోజున అమ్మాయిలు ఇప్పటికీ కిమోనో మీద హకమా కట్టుకుంటారు.

కొన్నిటికి అర్థంకన్నా కథ ముఖ్యం. రెండు రంగుల చదరాల డిజైనును ఇచిమత్సు అంటారు. 18వ శతాబ్దపు కబుకి నాటకాల నటుడు సనోగావా ఇచిమత్సు వేదిక మీద ఆ గళ్ల హకమా వేసుకోవడంతో ఊరంతా అదే ఫ్యాషన్ అయింది. 2020 టోక్యో ఒలింపిక్స్ చిహ్నంలో కనిపించినవి ఆ చదరాలే.

ఒబి అంత పెద్దదెందుకు?

మొదట్లో అది తాడంత సన్నం. ఎదో కాలంలో చేతులు పొడవవుతూ, జడలు ఎత్తవుతూ వచ్చిన కొద్దీ ఒబి కూడా వెడల్పయింది. పెళ్లిళ్లకు వాడే ఫుకురో ఒబి నాలుగు మీటర్లకు పైనే ఉంటుంది. నిజానికి కిమోనోను నిలబెట్టేది ఒబి కాదు. దాని కింద కనబడకుండా కట్టే నాలుగైదు మెత్తటి తాళ్లు, పట్టీలు. ఒబి ముడి కూడా మాట్లాడుతుంది. పెళ్లయినవాళ్లు ఎక్కువగా డబ్బాలా ఉండే తైకో ముడి వేస్తారు, అమ్మాయిలు పువ్వులా, రెక్కల్లా విచ్చుకునే ముడులు. క్యోటో మైకోలది, అంటే గెయిషా కావడానికి నేర్చుకుంటున్న అమ్మాయిలది, 5 మీటర్లకు పైగా పొడవుండి వీపు మీద నుంచి మడమల దాకా వేలాడుతుంది.

కిమోనో అంటే గెయిషాల దుస్తా?

కాదు. పాటతో, నాట్యంతో అతిథుల్ని అలరించే గెయిషాలు, వాళ్ల దగ్గర నేర్చుకునే మైకోలు వృత్తిరీత్యా వేసుకుంటారు, వాళ్లది ప్రత్యేకమైన తీరు. కిమోనో అందరిదీ. సినిమాలవల్ల ఈ అపోహ పాతుకుపోయింది.

యూజెన్ అద్దకం ఎలా చేస్తారు?

దీనికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి, ఎందుకంటే కిమోనోను ఒక చిత్రకారుడి పటంగా మార్చింది ఇదే. పేరు మియాజాకి యూజెన్‌ది. 17వ శతాబ్దం చివర క్యోటోలో విసనకర్రల మీద బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన డిజైన్లు కిమోనోల మీదికి వచ్చాక ఈ అద్దకానికి ఆయన పేరే స్థిరపడింది.

ముందు తెల్ల పట్టును కిమోనో ఆకారంలో పచ్చికుట్టు వేస్తారు. బొమ్మ కుట్లను దాటుతూ సాగాలి కాబట్టి ఇది తప్పదు. దాని మీద నీలి పువ్వు రసంతో బొమ్మ గీస్తారు. ఆ రసం తర్వాత నీళ్లు తగిలితే మాయమైపోతుంది. గీసాక కుట్లు విప్పేసి మళ్లీ తాను చేస్తారు. ఇప్పుడు జిగట బియ్యప్పిండి ముద్ద. దాన్ని ఒక శంకువులో నింపి, చిన్న లోహపు మూతి గుండా నొక్కుతూ నీలి గీతల మీద దారంలాంటి గీత వేస్తారు. రంగు ఒక గడి నుంచి పక్క గడిలోకి పాకకుండా ఆపే గట్టు అది. గట్ల మధ్య బ్రష్షుతో ఒక్కో రేకుకు, ఒక్కో ఆకుకు రంగు నింపుతారు. ఆవిరి పట్టి రంగును నిలబెడతారు. తర్వాత ఆ బొమ్మంతటినీ పిండి ముద్దతో కప్పేసి, వెడల్పాటి బ్రష్షుతో నేపథ్యం రంగు ఆగకుండా లాగేస్తారు. మధ్యలో ఆగితే చార పడుతుంది. మళ్లీ ఆవిరి. ఆఖరున నీళ్లలో పిండి కడిగితే, గట్లున్న చోటల్లా సన్నటి తెల్ల గీతలు బయటపడతాయి. నిజమైన యూజెన్ పట్టుకునే గుర్తు ఆ తెల్ల గీతే.

క్యోటోలో ఈ దశల్లో ఒక్కోదానికీ ఒక్కో నిపుణుడు. పైన బంగారు రేకు, ఎంబ్రాయిడరీ కూడా చేరతాయి. కనజవా నగరపు కాగా యూజెన్ దారి వేరు. నీలిమందు, ఎరుపు, పసుపు మట్టి, గడ్డి పచ్చ, ఊదా అనే ఐదు రంగులు దానికి ప్రాణం. బంగారం దాదాపు వాడరు. ఆకుల మీద పురుగు తిన్న చిల్లులు కూడా గీస్తారు. అందాన్ని చూపించడానికి పురుగు చిల్లును వదలకుండా గీసిన చేతిని మెచ్చుకోకుండా ఉండలేం. పిండి కడిగేందుకు అసానో నదిలో పొడవాటి పట్టు తానుల్ని పారేనీళ్లలో వదిలే దృశ్యం ఆ ఊరికి గుర్తింపు.

ఈ కళ ఆగిపోలేదు. మోరిగుచి కాకో (1909–2008) 1967లో జపాన్ ప్రభుత్వం నుంచి సజీవ జాతీయ నిధిగా గుర్తింపు పొందారు. ఎండబెట్టిన పిండి ముద్దను నలగ్గొట్టి, తడి పట్టు మీద ఇసుకలా చల్లి రంగు వేసే పద్ధతికి ఆయన ప్రాణం పోశారు. పారిస్‌లో చదివి వచ్చిన కొడుకు కునిహికోకు 2007లో అదే గౌరవం దక్కింది. ఆయన కిమోనోల మీద ఎక్కువగా జ్యామితి ఉంటుంది.

నేతలో పేరున్నవి ఏవి?

ఒబీలకు క్యోటో నిషిజిన్. 1467 నుంచి 1477 వరకు సాగిన ఓనిన్ యుద్ధం ముగిశాక, పడమటి సైన్యం విడిది చేసిన చోట నేతగాళ్లు వచ్చి స్థిరపడ్డారు. 1870ల్లో ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి జకార్డ్ మగ్గాలు తెచ్చుకుని నిలదొక్కుకున్నది కూడా వీళ్లే.

యూకి త్సుముగిలో పట్టుకాయల్ని దూదిలా సాగదీసి, పురి పెట్టకుండా వేళ్లతో దారం లాగుతారు. మగ్గానికి కట్టిన పడుగును నేతగాళ్లు తమ నడుముతో బిగబట్టి నేస్తారు. 2010లో యునెస్కో జాబితాలో చేరింది. నీగాతా ప్రాంతపు ఎచిగో జోఫు అంతకు ముందు ఏడాదే చేరింది. రామీ నారతో నేసిన ఆ బట్టను చలికాలం చివర మంచు పరిచిన పొలాల మీద ఎండబెట్టి తెల్లబరుస్తారు.

అమామి ఓషిమా ద్వీపపు త్సుముగిది ఇంకో వింత. పట్టు దారాన్ని ఒక స్థానిక చెట్టు కలప కషాయంలో పదేపదే ముంచి, ఆ తర్వాత ఇనుము నిండిన బురదలో ముంచుతారు. కషాయంలోని వగరు, బురదలోని ఇనుము కలిసి లోతైన నలుపు పుడుతుంది. డిజైను కోసం ఆ దారాన్ని ముందే ఒకసారి నూలుతో కలిపి గట్టిగా నేసి, అద్దకం అయ్యాక ఆ నేతను విప్పి, రంగు పడిన దారంతో అసలు బట్ట నేస్తారు. అంటే ప్రతి ఓషిమా కిమోనో రెండుసార్లు నేసిందన్నమాట.

మన తెలుగు నేలకూ కిమోనోకూ సంబంధం ఉందా?

ఉంది, అది సముద్రం మీదుగా వచ్చింది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి కంపెనీ మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుంది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు అక్కడి నుంచి ఆగ్నేయాసియాకు, నాగసాకికి చేరేవి. చేత్తో గీసి, అచ్చు వేసి అద్దిన ఈ నూలు బట్టల్ని జపాన్‌లో సరాసా అన్నారు. మన కలంకారీ చుట్టం అది. ఎంత అపురూపమంటే, చిన్న పీలికను కూడా పారేయకుండా టీ వేడుక పాత్రలకు సంచులు కుట్టుకునేవారు, కిమోనో లోపలి పొరలకు వాడుకునేవారు. తర్వాత వాళ్లే కాగితపు అచ్చులతో తమ సొంత సరాసా చేసుకున్నారు. ఎదో పట్టణాల్లో ఆదరణ పొందిన సాంతోమే అనే గీతల నూలు బట్ట పేరు కూడా చెన్నైలోని శాంథోమ్ నుంచి వచ్చిందే.

ఇక ఇక్కత్. జపాన్‌లో కసురి. ఈ విద్య భారతదేశం నుంచి ఆగ్నేయాసియా, ర్యూక్యూ ద్వీపాల మీదుగా జపాన్ చేరిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అది పోచంపల్లి నుంచి వెళ్లిందని కాదు. పోచంపల్లి నేతకు చీరాల ద్వారా ఈ పని వచ్చింది 20వ శతాబ్దంలోనే. కానీ దారాన్ని ముందే కట్టి, రంగులో ముంచి, మగ్గం మీద బొమ్మ కుదిరేలా పోగు పోగూ సరిచూసుకునే కష్టం రెండు చోట్లా ఒకటే. క్యూషు ద్వీపంలో కురుమె కసురిని మొదలుపెట్టింది ఇనోయె దెన్ అనే బాలిక. ఆమె 18వ శతాబ్దం చివర్లో పుట్టింది. వెలిసిన బట్టలో అక్కడక్కడా తెల్ల చుక్కలు చూసి, దారం విప్పి, అవి ఎలా పడ్డాయో ఆరా తీసిందని చెబుతారు. అప్పటికి ఆమెకు 12, 13 ఏళ్లు.

బట్టల మీద ఆంక్షలుండేవట, నిజమా?

నిజమే. వర్తకుల చేతిలో డబ్బు చేరి వాళ్ల భార్యలు సమురాయి ఇళ్లవాళ్లను మించి ముస్తాబవుతుంటే ప్రభుత్వానికి నచ్చలేదు. 1683లో బంగారు దారం, భారీ ఎంబ్రాయిడరీ, పట్టు నిండా చుక్కలు పడేలా కట్టే కానోకో ముడి అద్దకం పట్టణపు స్త్రీలకు నిషేధించారు. యూజెన్ అంత త్వరగా ఊపందుకోవడానికి ఇదొక కారణం. పిండి గీతకు, బ్రష్షు రంగుకు నిషేధం లేదు.

జనం ఇంకో దారి కూడా కనిపెట్టారు. పైకి గోధుమ, బూడిద, నీలం. లోపలి లైనింగ్ మీద పెద్ద పెద్ద చిత్రాలు. గోధుమలో 48, బూడిదలో 100 ఛాయలు అన్న నానుడి ఆ కాలానిదే. మగవాళ్ల హవోరి లోపల పులులు, కొండలు, ఓడలు దాగున్నది ఇందుకే. ఎదో కొమొన్ కూడా ఈ స్వభావానిదే. దూరం నుంచి ఒకే రంగు సాదా బట్టలా ఉంటుంది. చేతికి అందేంత దగ్గరకు వెళితే తప్ప సూదిమొనంత చుక్కలు కనబడవు.

జపాన్ కళలో కిమోనో స్థానం ఏమిటి?

మొదట చెప్పాల్సింది, జపాన్‌లో చిత్రకళ వేరు, బట్ట వేరు అన్న గోడ లేదు. చిత్రకారుడు ఒగాతా కోరిన్ 18వ శతాబ్దపు మొదటి ఏళ్లలో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఫుయుకి అనే కలప వర్తకుల ఇంటి ఇల్లాలి కోసం ఒక కొసోదే మీద స్వయంగా బొమ్మ వేశాడు. తెల్ల పట్టు, సిరా, కొద్దిపాటి రంగులు. చామంతులు, నీలి గంటపూలు, ఆకురాలు కాలపు గడ్డి. అది ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. బంగారు మడత తెరల మీద బొమ్మలు వేసే చేయే ఇక్కడా పనిచేసింది.

తగసోదే అనే మడత తెరల చిత్రాలు ఇంకా విచిత్రం. బంగారు నేపథ్యం మీద కొయ్య దండేనికి వేలాడే కిమోనోలు మాత్రమే ఉంటాయి, మనిషి ఉండదు. ఎవరివా బట్టలు, ఆమె ఎలా ఉంటుంది అన్నది చూసేవాళ్లు రంగును, బొమ్మను బట్టి ఊహించుకోవాలి. బట్టే మనిషి రూపచిత్రం.

ఎదో కాలపు పట్టణ జీవితాన్ని చూపే ఉకియో-ఎ చిత్రాల్లో ముఖాలు చాలావరకు ఒకేలా ఉంటాయి, కిమోనోలు మాత్రం దేనికదే. హిషికావా మోరోనోబు గీసిన వెనక్కి తిరిగి చూసే అమ్మాయి చిత్రంలో ఆమె ముఖం కన్నా ఎర్ర కిమోనో వీపు, ఒబి ముడి ఎక్కువ కనబడతాయి. కిమోనో డిజైన్ల పుస్తకాలు 1660ల నుంచే అచ్చయ్యాయి. వాటిలో ప్రతి పేజీలో కిమోనో వెనక వైపే ఉంటుంది. చిత్రకారుడికి ముందు అంచులు అడ్డురాని పెద్ద తలం అదే.

తర్వాత యూరప్ చూసింది. 1876లో ఫ్రెంచ్ చిత్రకారుడు మొనే తన భార్య కమీల్‌కు సమురాయి బొమ్మ ఉన్న ఎర్రటి బరువైన కిమోనో తొడిగి, బంగారు రంగు విగ్గు పెట్టి చిత్రం వేశాడు. అది బోస్టన్ మ్యూజియంలో ఉంది.

ఆధునికుల్లో నేను ముందు చెప్పే పేరు కుబోతా ఇచికు (1917–2003). 20 ఏళ్ల వయసులో టోక్యో మ్యూజియంలో త్సుజిగహనా అనే పాత అద్దకం ముక్క ఒకటి చూశాడు. ముడి అద్దకం, సిరా గీత, బంగారు రేకు కలిసిన ఆ విద్య 17వ శతాబ్దంలోనే అంతరించింది. మధ్యలో యుద్ధం, సైబీరియాలో ఖైదు. తిరిగి వచ్చాక కూడా ఆ ముక్కను మరిచిపోలేదు. మొదటి ప్రదర్శన పెట్టేసరికి 60 ఏళ్లు. పాత పద్ధతిని యథాతథంగా కాక, ఇప్పటి పట్టుకూ రంగులకూ తగ్గట్టు మార్చుకున్నాడు. పక్కపక్కన వేలాడదీస్తే ఒకదాని కొండ మరోదానిలోకి, ఒకదాని ఆకాశం మరోదానిలోకి సాగే 80 కిమోనోల వరుస తలపెట్టాడు, పూర్తికాకుండానే కన్నుమూశాడు. ఉన్నవాటిని ఫుజి పర్వతం దగ్గర కవాగుచి సరస్సు ఒడ్డున ఆయన కట్టించిన మ్యూజియంలో చూడొచ్చు.

జపాన్ వాళ్లు కానివాళ్లు వేసుకుంటే తప్పా?

2015లో బోస్టన్ మ్యూజియం మొనే చిత్రం ముందు సందర్శకులు అలాంటి కిమోనో వేసుకుని చూసే ఏర్పాటు చేస్తే నిరసనలొచ్చాయి. వాటికి ఎదురు చెప్పినవాళ్లలో జపనీయులూ ఉన్నారు. 2019లో అమెరికన్ సెలబ్రిటీ కిమ్ కర్దాషియన్ తన లోదుస్తుల బ్రాండుకు కిమోనో అని పేరు పెట్టబోతే క్యోటో మేయర్ ఉత్తరం రాశారు, పేరు మారింది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. ఒక సంస్కృతి పేరును ట్రేడ్‌మార్కుగా సొంతం చేసుకోవడం వేరు, ఆ దుస్తును పద్ధతిగా వేసుకోవడం వేరు. క్యోటోలో, టోక్యోలోని అసకుసాలో అద్దె దుకాణాలవాళ్లు విదేశీయులకు సంతోషంగా కట్టి పంపుతారు. ఎడమ అంచు పైకి, సందర్భానికి తగిన రకం, నడిచేటప్పుడు చిన్న అడుగులు. ఇవి పాటించేవారిని ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పుడు రోజూ ఎవరైనా వేసుకుంటున్నారా?

తక్కువమంది. టీ గురువులు, సంప్రదాయ సంగీత, నృత్య కళాకారులు, పాత తరం సత్రాల యజమానురాళ్లు. చాలామంది జపనీయులకు సొంతంగా కట్టుకోవడం రాదు, దాని కోసం ప్రత్యేక బడులున్నాయి. అమ్మకాలు 1980ల నాటితో పోలిస్తే చాలా పడిపోయాయి. అద్దకం గ్రామాల్లో పెద్ద సమస్య కొనేవాళ్లు మాత్రమే కాదు, పనిముట్లు కూడా. అచ్చుకాగితం కోసేవాళ్లు, బ్రష్షు కట్టేవాళ్లు, మగ్గం భాగాలు చేసేవాళ్లు ఒక్కొక్కరుగా తగ్గిపోతుంటే నేతగాడు ఒక్కడే మిగిలి ఏం చేస్తాడు? మన చేనేత ఊళ్లలో అచ్చు కట్టేవాళ్లు కరువవడం చూసినవాళ్లకు ఈ బాధ వివరించక్కర్లేదు.

మరోవైపు పాత కిమోనోలు కొని, టర్టిల్‌నెక్ మీద, బూట్లతో వేసుకునే కుర్రకారు పెరిగారు. నియమాలు తప్పుతున్నారని పెద్దలు గొణుగుతారు. ఎదో కాలంలోనూ కుర్రవాళ్లు ఇదే చేశారు గనక, నేను వాళ్ల పక్షమే.

పాత కిమోనో కొంటే ఎలా చూసుకోవాలి?

పాత పట్టు కిమోనోలు కొత్తవాటి ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. కొనేముందు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, కుట్ల వెంట పట్టు పగిలి ఉంటే వేసుకోగానే చిరుగుతుంది. చేతుల పొడవు, వీపు మధ్య నుంచి మణికట్టు వరకు ఉన్న కొలత సరిపోవాలి. పొడవు కాస్త ఎక్కువైతే నడుము దగ్గర మడవొచ్చు, చేతులు పొట్టివైతే చేసేదేమీ లేదు.

పట్టు కిమోనోను ఇంట్లో నీళ్లలో ముంచకండి. లైనింగ్ ఒకలా, పై బట్ట ఒకలా కుదించుకుపోతాయి. వేసుకున్నాక ఒక రాత్రి నీడలో గాలికి వేలాడదీసి, కుట్ల గీతల వెంటే మడవండి. జపాన్‌లో ప్రత్యేకమైన కాగితంలో చుట్టి, తేమను అడ్డుకునే కిరి చెక్క పెట్టెలో పెడతారు. మన దగ్గర ఉతికిన తెల్ల నూలు గుడ్డ చాలు, ప్లాస్టిక్ కవరు వద్దు. కలరా ఉండలు బంగారు రేకుకు, జరీకి తగలకూడదు, రంగు మారుతుంది. కోస్తా ఊళ్లలో ఉండేవాళ్లు బూజు మీద ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వానలు తగ్గాక పొడి ఎండ కాసే రోజుల్లో, నీడపట్టున కొన్ని గంటలు ఆరబెట్టి, మడతలు కాస్త జరిపి మళ్లీ లోపల పెట్టండి.